యూనిట్ – 11: నగరపు ఎత్తుల్లో నగ్నదేహం – కళ, నిరసన

విషయక్రమం

11.0 లక్ష్యాలు
11.1 పరిచయం
11.2 మూడు మాటలు: వివస్త్ర, దిగంబర, అశ్లీలం
11.3 నగరంలో ఎత్తు ఎవరిది?
11.4 కళగా నగ్నత
11.5 నిరసనగా నగ్నత
11.6 చట్టం దృష్టి
11.7 విమర్శలు, పరిమితులు
11.8 సారాంశం
11.9 కీలక పదాలు
11.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

• బలవంతపు నగ్నతకూ, ఎంచుకున్న నగ్నతకూ మధ్య తేడాను వివరించగలుగుతారు.
• పీఠం, మేడకప్పు, గోపురం వంటి ఎత్తైన స్థలాలు నగ్నదేహానికి ఇచ్చే అర్థాన్ని విశ్లేషించగలుగుతారు.
• కళారూపంగా, నిరసన రూపంగా నగ్నతను ఉపయోగించిన ముఖ్య సందర్భాలను చర్చించగలుగుతారు.
• నగ్నత, అశ్లీలం ఒకటి కావన్న న్యాయసూత్రాన్ని, దాని హద్దులను గుర్తించగలుగుతారు.

11.1 పరిచయం

గత యూనిట్లలో మీరు ఊరేగింపు, ధర్నా, నిరాహారదీక్ష, వీధినాటకం వంటి నిరసన రూపాల గురించి చదివారు. వాటన్నిటిలోనూ మనిషి తన దేహాన్నే సాధనంగా వాడుకుంటాడు. నడవడం, కూర్చోవడం, పస్తుండడం దేహంతో చేసే పనులే. ఈ యూనిట్‌లో మనం చర్చించబోయే రూపం ఇంకా ఒక అడుగు ముందుకు వేసి, దేహం మీది బట్టను కూడా తీసివేస్తుంది. అదీ నాలుగు గోడల మధ్య కాదు, నగరం నడిబొడ్డున, అందరి కళ్లూ పడే ఎత్తైన చోట.

ఈ విషయం చదవడానికి మీకు కొంత ఇబ్బందిగా అనిపించవచ్చు. అది సహజమే. ఆ ఇబ్బందిని దాచుకోనక్కరలేదు. ఎందుకు కలిగింది, ఎవరి దేహాన్ని తలచుకున్నప్పుడు కలిగింది, ఎవరిని తలచుకున్నప్పుడు కలగలేదు అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకుంటూ చదవండి. కర్ణాటకలోని శ్రవణబెళగొళలో కొండమీద దాదాపు 57 అడుగుల ఎత్తున నిలిచిన గోమటేశ్వరుడి ఒంటిమీద నూలుపోగు లేదు. క్రీ.శ. పదో శతాబ్ది చివరినుంచి ఆయనను చూసిన లక్షలమందిలో చేతులు జోడించినవారే ఎక్కువ. అదే స్థితిలో ఒక స్త్రీ రోడ్డుమీద నిలబడితే పోలీసులు పరుగున వస్తారు. రెండు సందర్భాల్లోనూ ఉన్నది బట్టలేని దేహమే. మారినవి స్థలం, కారణం, చూసే చూపు. ఈ మూడింటినీ విడదీసి పరిశీలించడమే ఈ యూనిట్ ముఖ్యోద్దేశం.

11.2 మూడు మాటలు: వివస్త్ర, దిగంబర, అశ్లీలం

నగ్నతను చెప్పడానికి తెలుగులో చాలా మాటలున్నాయి. పల్లెల్లో దిసమొల అంటారు. పుస్తకాల్లో నగ్నం, వివస్త్ర, దిగంబరం అంటారు. ఇవన్నీ పర్యాయపదాలుగానే కనిపిస్తాయి. కాని వాడుకను గమనిస్తే ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు మొగ్గుతుంది.

వివస్త్ర అనే మాట వినగానే మనకు గుర్తొచ్చేది కౌరవసభలోని ద్రౌపది. ఆమె తనంతట తాను చేసినదేమీ లేదు. ఆమెకు చేయబోయారు. వార్తాపత్రికల్లో కూడా ఎవరినైనా వివస్త్రను చేశారు అనే రాస్తారు. ఈ మాటలో ఒక బలవంతుడు, ఒక బాధితురాలు ఉంటారు. చుట్టూ మౌనంగా చూసే సభ ఉంటుంది.

దిగంబరం అంటే దిక్కులే అంబరంగా కలది. ఇక్కడ బట్టను ఎవరూ లాగలేదు. జైన ముని ఆస్తితోపాటు బట్టను కూడా తానే వదిలాడు. పన్నెండో శతాబ్దపు శివశరణి అక్కమహాదేవి రాజభోగాన్ని కాదని కురులనే వస్త్రంగా చేసుకుని వెళ్లిపోయిందని చెబుతారు. ఈ మాటలో ఎంపిక ఉంది, ధిక్కారమూ ఉంది. 1965లో ఆరుగురు తెలుగు కవులు తమను తాము దిగంబర కవులుగా ప్రకటించుకున్నప్పుడు ఈ ధిక్కారాన్నే అందుకున్నారు. వారు విప్పినవి బట్టలు కావు, సమాజం కప్పుకున్న ముసుగులు. తమ మొదటి సంపుటిని రాత్రివేళ హైదరాబాద్ రోడ్డు మీద ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేయడం ద్వారా, కవిత్వానికి వేదిక ఏది, ఆవిష్కర్తగా నిలిచే అర్హత ఎవరిది అన్న ప్రశ్నను కూడా వారు లేవనెత్తారు.

అశ్లీలం అనేది మూడో మాట. ఇది దేహస్థితిని చెప్పదు, చూసేవారి తీర్పును చెబుతుంది. బట్టలు నిండుగా వేసుకున్న మనిషి మాట అశ్లీలంగా ఉండవచ్చు. బట్టలేని పసిబిడ్డ అశ్లీలం కాదు.

కాబట్టి నగ్నత ఎదురైనప్పుడల్లా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి: బట్ట తీయాలన్న నిర్ణయం ఎవరిది? రెండు: ఆ దేహం ఎక్కడ నిలబడింది? మూడు: ఎవరు, ఏ చూపుతో చూస్తున్నారు? తరువాతి ఉదాహరణలన్నిటినీ ఈ మూడు ప్రశ్నలతోనే పరిశీలిద్దాం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

గమనిక: మీ సమాధానాన్ని మూడు నాలుగు వాక్యాల్లో రాయండి.
ప్రశ్న: వివస్త్ర, దిగంబర అనే మాటల మధ్య అర్థభేదం ఏమిటి?

11.3 నగరంలో ఎత్తు ఎవరిది?

ఏ నగరంలోనైనా ఎత్తు ఊరికే దొరకదు. కోట బురుజు రాజుది, గోపురం దేవుడిది, పీఠం వీరుడిది. మేడకప్పు దాని యజమానిది. సామాన్యుడు నేలమీద నడుస్తూ తలెత్తి చూడాలి. ఎవరిని తలెత్తి చూడాలో నగరం తన విగ్రహాల ద్వారా రోజూ మనకు చెబుతూనే ఉంటుంది.

లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్ ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ దాదాపు 52 మీటర్ల స్తంభం మీద నౌకాదళాధిపతి నెల్సన్ విగ్రహం ఉంది. చౌకు నాలుగు మూలలా నాలుగు పీఠాలున్నాయి. ఒకదాని మీద నాలుగో జార్జి రాజు, మరో రెండింటి మీద ఇద్దరు సేనానులు నిలిచి ఉన్నారు. ఆ సేనానుల పేర్లు మనం చరిత్ర పాఠాల్లో చదువుకున్నవే. చార్లెస్ నేపియర్ 1843లో సింధును ఆక్రమించినవాడు. హెన్రీ హేవలాక్ 1857 తిరుగుబాటును అణచడంలో కాన్పూరు, లక్నోల వద్ద సేనను నడిపినవాడు. మన దేశాన్ని లొంగదీసినందుకు వారికి దక్కిన గౌరవం ఆ ఎత్తు.

నాలుగో పీఠాన్ని 1841లో కట్టారు. దానిమీద నాలుగో విలియం రాజు గుర్రపు విగ్రహాన్ని పెట్టాలనుకున్నారు కాని డబ్బు చాలలేదు. ఆ పీఠం నూట యాభై ఏళ్లకు పైగా ఖాళీగానే ఉండిపోయింది. 1999 నుంచి దానిమీద సమకాలీన కళాకృతులను కొంతకాలం చొప్పున ప్రదర్శించడం మొదలుపెట్టారు. ఆ ఖాళీ పీఠమే మన చర్చకు కేంద్రం.

ఎత్తు నగ్నదేహానికి మూడు పనులు చేస్తుంది. మొదటిది, ఎక్కువమందికి కనబడేలా చేస్తుంది. రెండోది, చేతికి అందకుండా చేస్తుంది. నేలమీద బట్టలేని మనిషి బలహీనుడు. ఎవరైనా తోయవచ్చు, తాకవచ్చు, దుప్పటి కప్పి లాక్కుపోవచ్చు. పీఠం మీద ఉన్నవాడిని చూడవచ్చు కాని వెంటనే ముట్టుకోలేరు. మూడోది, ఆ దేహాన్ని విగ్రహంతో సమానం చేస్తుంది. విగ్రహాన్ని చూసినట్టే దాన్నీ తలెత్తి చూడక తప్పదు. దీనితోపాటు ఎత్తు ప్రమాదాన్ని కూడా తెస్తుంది. ఆ విషయం ముందుముందు చూస్తాం.

11.4 కళగా నగ్నత

11.4.1 పీఠం మీద గర్భవతి

2005 సెప్టెంబరులో నాలుగో పీఠం మీద మార్క్ క్విన్ అనే శిల్పి చెక్కించిన పాలరాతి విగ్రహాన్ని నిలిపారు. ఎత్తు 3.55 మీటర్లు. అది బ్రిటిష్ చిత్రకారిణి అలిసన్ లాపర్ రూపం. ఆమె పుట్టుకతోనే రెండు చేతులు లేకుండా, పొట్టి కాళ్లతో జన్మించారు. విగ్రహంలో ఆమె నగ్నంగా, ఎనిమిది నెలల గర్భంతో కూర్చుని ఉన్నారు. 2007 దాకా ఆ విగ్రహం అక్కడే ఉంది.

దీనిమీద వాదోపవాదాలు పెద్దఎత్తున జరిగాయి. చౌకు మధ్యలో ఇటువంటి రూపమా అని కొందరు చిరాకుపడ్డారు. వైకల్యం ఉన్న దేహాన్ని ఇంత గౌరవంగా ఏ నగరమూ నిలపలేదని మరికొందరు సంతోషించారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. మ్యూజియాల్లో చేతులు విరిగిన ప్రాచీన గ్రీకు నగ్నశిల్పాలను లోకమంతా అందమైనవని మెచ్చుకుంటుంది. జీవించి ఉన్న స్త్రీకి చేతులు లేకపోతే మాత్రం చూపు తిప్పుకుంటుంది. మరో విశేషం, ఎదురుగా స్తంభం మీద ఉన్న నెల్సన్ కూడా 1797లో యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్నవాడే. ఆయన చేయి లేకపోవడం వీరత్వానికి గుర్తయింది. ఆమె చేతులు లేకపోవడం జాలికి గుర్తయింది. రెండింటినీ ఒకే చౌకులో ఎత్తున నిలబెట్టినప్పుడు ఈ తేడా నిలువెల్లా బయటపడింది. లాపర్ తానే స్వయంగా ఈ విగ్రహానికి నమూనాగా నిలిచారు కాబట్టి మన మొదటి ప్రశ్నకు జవాబు స్పష్టంగానే ఉంది.

11.4.2 పీఠం మీద సామాన్యులు

2009లో శిల్పి ఆంటొనీ గోర్మ్లీ అదే పీఠం మీదికి రాతిని కాకుండా మనుషులనే ఎక్కించారు. జూలై 6 నుంచి అక్టోబరు 14 వరకు వంద రోజులు, రాత్రింబవళ్లు, గంటకొకరు చొప్పున 2,400 మంది ఆ పీఠం మీద నిలిచారు. దరఖాస్తు చేసుకున్నవారిలోంచి లాటరీ పద్ధతిలో ఎంపిక చేశారు. ఆ గంటలో ఎవరికి తోచింది వారు చేయవచ్చు. పాడినవారున్నారు, ప్రచారం చేసుకున్నవారున్నారు, ఊరకే కూర్చున్నవారున్నారు. కొందరు బట్టలు విప్పి నిలబడ్డారు.

నగ్నంగా నిలబడినవారి సంఖ్య తక్కువే అయినా, వారు చేసిన పనిలో ఒక తర్కం ఉంది. పీఠం మీద దుస్తులు హోదాను చెబుతాయి. రాజుకు రాజదుస్తులు, సేనానికి యూనిఫాం ఉంటాయి. ఏ హోదా లేని మనిషి ఆ ఎత్తు మీద తనను తాను మనిషిగా మాత్రమే చూపించుకోవాలంటే బట్ట తీయడం ఒక దారి. ప్రారంభం రోజునే, మొదటి మనిషి ఎక్కకముందే, పిలవని ఒక నిరసనకారుడు తన ప్లకార్డుతో పీఠం ఎక్కేశాడు. ఎత్తు ఖాళీగా కనబడితే కళ, నిరసన రెండూ దానికోసం పోటీపడతాయనడానికి అది నిదర్శనం.

11.4.3 మేడకప్పుల మీద లోహపు మనుషులు

గోర్మ్లీదే మరో రచన ఈవెంట్ హొరైజన్. తన నగ్నదేహానికే అచ్చు తీసి, ఆ అచ్చుతో 31 నిలువెత్తు విగ్రహాలు చేయించారు. వాటిలో 27 ఫైబర్‌గ్లాసువి, 4 పోత ఇనుపవి. 2007లో లండన్‌లో, 2010లో న్యూయార్క్‌లో, తరువాత సావోపాలో, హాంకాంగ్ నగరాల్లో వీటిలో ఎక్కువ భాగాన్ని ఎత్తైన భవనాల కప్పుల అంచున నిలబెట్టారు.

కింద నడిచేవారికి అవి విగ్రహాలని వెంటనే తెలియలేదు. ఎవరో దూకబోతున్నారని భయపడి లండన్‌లో పోలీసులకు ఫోన్లు చేశారు. న్యూయార్క్‌లో పోలీసులు ముందుగానే ప్రకటన చేసి, అవి విగ్రహాలని ప్రజలకు చెప్పవలసి వచ్చింది. హాంకాంగ్‌లో 2014లో ఒక బ్యాంకు ఉద్యోగి ఎత్తైన భవనం మీదినుంచి పడి మరణించిన తరువాత, ప్రదర్శనకు తోడ్పడవలసిన సంస్థ వెనక్కి తగ్గింది. చివరకు 2015 నవంబరులో గాని అది మొదలుకాలేదు.

ఇక్కడ మనం నేర్చుకోవలసిన పాఠం ఒకటుంది. నగరవాసులు ఆ రూపాల్లో నగ్నతను చూసి కంగారుపడలేదు, ప్రాణభయాన్ని చూసి కంగారుపడ్డారు. ఎత్తున ఒంటరిగా ఉన్న మనిషి కనబడగానే అయ్యో అనిపించడం మంచి లక్షణమే. 2012 నవంబరులో లండన్ వైట్‌హాల్ వీధిలో ఒక వ్యక్తి నగ్నంగా గుర్రపు విగ్రహం మీదికెక్కి గంటల తరబడి దిగలేదు. రోడ్డు మూసేయవలసి వచ్చింది. ఇటువంటి ప్రతి సంఘటననూ కళ అనో, నిరసన అనో పేరు పెట్టడానికి తొందరపడకూడదు. అది సహాయం అవసరమైన మనిషి దుస్థితి కూడా కావచ్చు. విశ్లేషణకన్నా ముందు ఆ మనిషిని క్షేమంగా దించడం అవసరం.

11.4.4 సమూహ నగ్నత

అమెరికన్ ఛాయాచిత్రకారుడు స్పెన్సర్ ట్యూనిక్ నగరాల్లో వందల, వేల మందిని నగ్నంగా నిలబెట్టి ఫొటోలు తీస్తారు. 2007లో మెక్సికో నగరపు ప్రధాన చౌకు జొకాలోలో దాదాపు 18,000 మంది, 2010లో సిడ్నీ ఒపెరా హౌస్ మెట్ల మీద దాదాపు 5,200 మంది పాల్గొన్నారు. 2018లో మెల్‌బోర్న్‌లో ఒక సూపర్‌మార్కెట్ భవనం పైకప్పు మీది కారు పార్కింగ్‌లో ఫొటో తీయాలనుకున్నప్పుడు, వారాంతపు కొనుగోలుదారులకు ఇబ్బంది అని సంస్థ మొదట ఒప్పుకోలేదు. తరువాత వారాంతం కాని రోజున అనుమతించింది.

ఒక్క నగ్నదేహం మీద చూపు గుచ్చుకుంటుంది. వేల దేహాల్లో ఏ ఒక్కటీ ప్రత్యేకంగా కనబడదు. లావు సన్నం, ముసలి పడుచు, రంగు, ఆడ మగ తేడాలు ఒక మైదానంలా కలిసిపోతాయి. సమూహం ఇక్కడ వస్త్రంలా పనిచేస్తుందని చెప్పవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

గమనిక: మీ సమాధానాన్ని అయిదారు వాక్యాల్లో రాయండి.
ప్రశ్న: నెల్సన్ విగ్రహానికి ఎదురుగా అలిసన్ లాపర్ విగ్రహాన్ని నిలపడం వల్ల బయటపడిన తేడా ఏమిటి?

11.5 నిరసనగా నగ్నత

కళలో అనుమతి ఉంటుంది, తేదీ ఉంటుంది, భద్రతకు వల ఉంటుంది. నిరసనలో ఇవేవీ ఉండవు. నిరసనకారులు ఎత్తును అడిగి తీసుకోరు, ఆక్రమిస్తారు.

11.5.1 గంటగోపురం, గ్యాలరీ

2008లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ఏర్పడిన ఫెమెన్ అనే స్త్రీల బృందం అర్ధనగ్న నిరసనను తన గుర్తుగా చేసుకుంది. వారు నినాదాలను ఛాతీ మీదే రాసుకుంటారు. ప్లకార్డును పోలీసులు లాక్కోవచ్చు, చర్మాన్ని లాక్కోలేరు. 2012 ఏప్రిల్‌లో గర్భస్రావాన్ని నిషేధించే ప్రతిపాదన వచ్చినప్పుడు ఆ బృంద సభ్యులు కీవ్‌లోని సెయింట్ సోఫియా గంటగోపురం ఎక్కి, గంటలు మోగించి, పైనుంచి బ్యానరు వేలాడదీశారు. స్త్రీదేహం మీద శాసనం చేయాలనుకునేవారికి, ఆ దేహమే ఊరంతా వినిపించే ఎత్తునుంచి జవాబు చెప్పిందన్నమాట.

2019 ఏప్రిల్ 1న లండన్‌లో బ్రిటిష్ పార్లమెంటు దిగువసభ బ్రెగ్జిట్ మీద చర్చిస్తుండగా, పైన సందర్శకుల గ్యాలరీలో పన్నెండుమంది దాకా పర్యావరణ కార్యకర్తలు లోదుస్తులు మాత్రమే మిగుల్చుకుని, కొందరు గ్యాలరీ అద్దానికి చేతులు అంటించుకున్నారు. కంటి ముందున్న వాతావరణ సంక్షోభాన్ని సభ చూడడం లేదన్నది వారి ఆరోపణ. సభ్యులు తలెత్తి చూడక తప్పలేదు. పోలీసులు వారిని అరెస్టు చేశారు.

11.5.2 కాంగ్లా ద్వారం

మన దేశంలో నగ్న నిరసన గురించి మాట్లాడేవారెవరైనా ఇంఫాల్‌ను తలచుకోవలసిందే. 2004 జూలైలో మణిపూర్‌లో తంగ్జం మనోరమ అనే యువతిని అస్సాం రైఫిల్స్ సిబ్బంది రాత్రివేళ ఇంటినుంచి తీసుకువెళ్లారు. జూలై 11న ఆమె శవం దొరికింది. జూలై 15న పన్నెండుమంది స్త్రీలు కాంగ్లా కోట ద్వారం దగ్గరకు వెళ్లి బట్టలు విప్పి, తమ మీద కూడా అత్యాచారం చేయమని సైన్యాన్ని సవాలు చేసే బ్యానరు పట్టుకుని నిలబడ్డారు. వారు నడివయసు దాటిన గృహిణులు. మణిపూర్‌లో ఇమా అని పిలిచే తల్లులు.

అక్కడ పీఠం లేదు, మేడకప్పు లేదు. అయినా ఆ స్థలానికి ఒక ఎత్తుంది. కాంగ్లా మణిపూర్ రాజుల కోట. అప్పుడు అందులో అస్సాం రైఫిల్స్ ఉంది. రాజ్యాధికారం కూర్చున్న చోటికి వెళ్లి, గుమ్మం ముందు నిలబడడం కూడా ఎత్తును సవాలు చేయడమే. ఆ తరువాత ఆగస్టులో ఇంఫాల్ పురపాలక ప్రాంతంలో సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టాన్ని ఎత్తివేశారు. నవంబరులో కాంగ్లాను రాష్ట్రానికి అప్పగించారు.

దీనికి నాలుగేళ్ల ముందే ఈ దృశ్యానికి ఒక కళారూపం ఉంది. 1978లో మహాశ్వేతాదేవి రాసిన ద్రౌపది కథలో, నిర్బంధంలో అత్యాచారానికి గురైన ఆదివాసీ స్త్రీ మళ్లీ బట్ట కట్టుకోవడానికి నిరాకరించి, అలాగే అధికారి ఎదుటికి నడిచి వస్తుంది. ఈ కథను మణిపూర్ రంగస్థల దర్శకుడు కన్హయ్యాలాల్ 2000లో నాటకంగా వేసినప్పుడు, నటి సావిత్రి చివరి సన్నివేశంలో వేదిక మీద నగ్నంగా నిలిచారు. తీవ్ర విమర్శలు వచ్చాయి. 2004లో అదే నగరపు తల్లులు అదే పని రోడ్డు మీద చేశారు. మహాభారతంలో ద్రౌపదిని వివస్త్రను చేయబోయారు. ఈ కథలో, నాటకంలో, కాంగ్లా ద్వారం దగ్గర స్త్రీలు ఆ అవమానాన్ని తిప్పి సభ మీదికే విసిరారు. సిగ్గుపడవలసింది ఎవరు అన్న ప్రశ్న అప్పుడు చూసేవారి మీద పడింది.

11.5.3 హైదరాబాద్, 2018

2018 ఏప్రిల్ 7న నటి శ్రీరెడ్డి హైదరాబాద్‌లోని ఫిలిం ఛాంబర్ ఎదుట అర్ధనగ్నంగా కూర్చుని, తెలుగు సినీ పరిశ్రమలో అవకాశాల పేరుతో స్త్రీలను లైంగికంగా దోచుకుంటున్నారని నిరసన తెలిపారు. పోలీసులు ఆమెను అక్కడినుంచి తీసుకుపోయారు. ఆమెతో తమ సభ్యులు నటించరాదని నటుల సంఘం ప్రకటించింది. జాతీయ మానవ హక్కుల సంఘం నోటీసులు ఇచ్చిన తరువాత ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. 2019లో తెలంగాణ ప్రభుత్వం పరిశ్రమలో లైంగిక వేధింపుల విషయాన్ని పరిశీలించడానికి ఒక కమిటీని ఏర్పాటు చేసింది.

ఆమె కూర్చున్నది నేలమీద. ఆమెకు ఎత్తునిచ్చింది టీవీ కెమెరా. ఈనాటి నగరంలో కెమెరా కూడా ఒక పీఠమే. కాని ఆ పీఠం నిలకడలేనిది. నిరసనకారుల మాటను కోసివేసి, దేహాన్ని మాత్రం పదేపదే చూపించగలదు. ఆ రోజుల్లో నడిచిన చర్చ ఎక్కువగా ఆమె చేసిన పద్ధతి మీదే సాగింది, ఆమె లేవనెత్తిన ఫిర్యాదు మీద తక్కువ సాగింది. నగ్న నిరసనకు ఉన్న పెద్ద ఇబ్బంది ఇదే.

కృత్యం

మీ ఊరి ప్రధాన కూడలికి వెళ్లి అక్కడున్న విగ్రహాలను పరిశీలించండి. ఎవరి విగ్రహం, పీఠం ఎంత ఎత్తు, ఏ దుస్తులు, స్త్రీలు ఎందరు, శ్రామికులు ఎందరు అన్న వివరాలను పట్టికగా రాసుకుని, సంపర్క తరగతికి తీసుకురండి.

11.6 చట్టం దృష్టి

భారతీయ చట్టంలో నగ్నత అనే మాటకన్నా అశ్లీలం అనే మాటే ముఖ్యం. బహిరంగ స్థలంలో ఇతరులకు చికాకు కలిగేలా అశ్లీల చర్యకు పాల్పడడం భారతీయ శిక్షాస్మృతి 294వ సెక్షన్ కింద నేరం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదే 296వ సెక్షన్. గరిష్ఠంగా మూడు నెలల జైలుశిక్ష పడవచ్చు.

ఏది అశ్లీలం అన్నదానిపై న్యాయస్థానాల వైఖరి కాలక్రమంలో మారింది. 1964లో రంజిత్ ఉదేశీ కేసులో సుప్రీంకోర్టు, ఇంగ్లండులో 1868లో పుట్టిన హిక్లిన్ పరీక్షను అనుసరించింది. చెడిపోయే అవకాశం ఉన్న మనసుల మీద ఒక రచన చూపే ప్రభావాన్ని ఈ పరీక్ష చూస్తుంది. 1996లో బాండిట్ క్వీన్ చిత్రం కేసులో, బాధితురాలిని నగ్నంగా ఊరేగించిన దృశ్యం కామాన్ని కాక, కన్నీటినీ కోపాన్నీ కలిగించడానికి ఉద్దేశించినదని కోర్టు గుర్తించింది. 2014లో అవీక్ సర్కార్ కేసులో హిక్లిన్ పరీక్షను పక్కనపెట్టి, సమకాలీన సమాజ ప్రమాణాలతో, మొత్తం సందర్భాన్ని దృష్టిలో ఉంచుకుని చూడాలంది. ఆ కేసులోని చిత్రం టెన్నిస్ క్రీడాకారుడు బోరిస్ బెకర్, ఆయన కాబోయే భార్య నగ్నంగా ఉన్న ఫొటో. వర్ణవివక్షను ఖండించే సందేశం అందులో ఉందని కోర్టు భావించింది. 2023లో కేరళ హైకోర్టు కూడా నగ్నత, అశ్లీలం ఎప్పుడూ ఒకటి కావని చెప్పింది.

అయితే ఇవి ఫొటో, సినిమా, వీడియోలకు సంబంధించిన తీర్పులు. రోడ్డు మీద, గోపురం మీద నగ్నంగా నిలబడడానికి వీటి ద్వారా హక్కు లభించిందని భావించరాదు. విదేశాల్లో కూడా ఈ గీత తేలికగా పడలేదు. న్యూయార్క్‌లో ట్యూనిక్‌ను పోలీసులు పలుమార్లు అరెస్టు చేశారు. ప్రదర్శనలకు ఆ రాష్ట్ర చట్టంలోనే మినహాయింపు ఉందని ఆయన వాదించారు. 2000లో ఫెడరల్ న్యాయస్థానాల్లో ఆయన పక్షమే నెగ్గింది.

బలవంతపు నగ్నత విషయంలో మాత్రం చట్టం మాట స్పష్టంగా ఉంది. 1989 నాటి షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం ఆ వర్గాలవారి బట్టలు లాగడాన్ని, నగ్నంగా ఊరేగించడాన్ని ప్రత్యేక నేరంగా పేర్కొంది. 2013లో స్త్రీని వివస్త్రను చేయడాన్ని శిక్షాస్మృతిలో 354బి సెక్షన్‌గా చేర్చారు. ఇప్పుడది న్యాయ సంహితలో 76వ సెక్షన్. మూడు నుంచి ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఎంచుకున్న నగ్నతకు గరిష్ఠంగా మూడు నెలలు, చేయబడిన నగ్నతకు కనీసం మూడేళ్లు. ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని గమనిస్తే, 11.2లో చెప్పిన మొదటి ప్రశ్న ఎంత ముఖ్యమో అర్థమవుతుంది.

11.7 విమర్శలు, పరిమితులు

నగ్న నిరసన మీద వచ్చిన విమర్శలను తోసిపుచ్చడానికి వీల్లేదు. ముఖ్యమైనవి మూడు.

మొదటిది, చూపును ఎదిరించబోయి చూపుకే లొంగిపోయే ప్రమాదం. ఫెమెన్ నిరసనల్లో పడుచు, సన్నని దేహాలకే పత్రికల్లో చోటు దొరికిందన్న విమర్శ ఉంది. ఆ బృందం వెనుక ఒక పురుషుడి పెత్తనం ఉండేదని 2013లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ బయటపెట్టింది. నిర్ణయం ఎవరిదన్న ప్రశ్నను నిరసనకారులను కూడా అడగాలి.

రెండోది, అందరి తరఫున మాట్లాడే తొందర. బట్ట విప్పడమే స్వేచ్ఛ అనుకున్న ఫెమెన్‌ను, తల కప్పుకోవడం కూడా మా ఎంపికే అని 2013లో ముస్లిం స్త్రీలు అనేకమంది ఎదిరించారు. దేహం మీద హక్కు అంటే విప్పే హక్కు, కప్పుకునే హక్కు రెండూ.

మూడో విమర్శ మన సమాజానికి మరీ దగ్గరిది. ఈ దేశంలో కోట్లమందికి ఒంటినిండా బట్ట కట్టుకోవడమే ఒక పోరాటం. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రొమ్ము కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలు పోరాడి, 1859లో రాజప్రకటన సాధించుకున్నారు. 1921లో గాంధీజీ పేదలతో సమానం కావడానికి పైబట్ట విడిచి కొల్లాయి కట్టారు. అంబేడ్కర్ సూటు వేసుకున్నారు. ఒకరికి విడవడానికి బట్ట ఉంది, మరొకరి జనానికి దాన్ని కట్టుకునే హక్కే ఉండేది కాదు. 2023 ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం సూటు, బూటుతోనే ఉంది. ఆ ఎత్తున ఆ దుస్తులు అలంకారం కోసం కాదు, తరతరాలుగా నిరాకరించిన గౌరవాన్ని అందరికీ కనబడేలా చెప్పడం కోసం. కాబట్టి ఎత్తైన చోట నగ్నదేహం ఎంత బలంగా మాట్లాడగలదో, ఎత్తైన చోట నిండుగా దుస్తులు ధరించిన దేహం కూడా అంతే బలంగా మాట్లాడగలదు. ఎవరి దేహానికి ఏది నిరాకరించారో తెలుసుకుంటే తప్ప, ఏది ధిక్కారమో చెప్పలేం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3

గమనిక: మీ సమాధానాన్ని అయిదారు వాక్యాల్లో రాయండి.
ప్రశ్న: దుస్తులు ధరించడం కూడా నిరసన కాగలదా? రెండు ఉదాహరణలతో చెప్పండి.

11.8 సారాంశం

నగ్నతకు దానంతట దానికి ఒకే అర్థం లేదు. నిర్ణయం ఎవరిది, స్థలం ఏది, చూపు ఎవరిది అన్న మూడు అంశాలు దాని అర్థాన్ని నిర్ణయిస్తాయి. నగరంలో ఎత్తు అధికారానికి గుర్తు. అక్కడ నిలిచిన నగ్నదేహం ఎక్కువమందికి కనబడుతుంది, చేతికి అందదు, విగ్రహంతో సమానమవుతుంది, ప్రమాదాన్ని కూడా కొనితెచ్చుకుంటుంది. ట్రఫాల్గర్ స్క్వేర్ పీఠం, మేడకప్పుల విగ్రహాలు కళకు. కీవ్ గోపురం, పార్లమెంటు గ్యాలరీ, కాంగ్లా ద్వారం నిరసనకు ఉదాహరణలు. భారతీయ న్యాయస్థానాలు నగ్నతను అశ్లీలం నుంచి క్రమంగా వేరుచేశాయి. చట్టం బలవంతపు నగ్నతను తీవ్రనేరంగా చూస్తుంది. బట్ట కట్టుకునే హక్కుకోసం పోరాడిన సమాజాల్లో వస్త్రధారణ కూడా ధిక్కారమే. మీ ఎదుట ఇటువంటి వార్త వచ్చినప్పుడు, తీర్పు చెప్పడానికి ముందు ఆ మనిషి ఏం అడుగుతున్నారో ఒకసారి వినండి. బట్ట విప్పేదాకా ఆ మాట మనకు ఎందుకు వినబడలేదో కూడా ఆలోచించండి.

11.9 కీలక పదాలు

పీఠం: విగ్రహాన్ని నిలిపే ఎత్తైన దిమ్మె. ఎవరిని గౌరవించాలో సూచించే సామాజిక చిహ్నం.
దిగంబరం: స్వచ్ఛందంగా వస్త్రాన్ని త్యజించిన స్థితి.
వివస్త్ర: ఇతరుల బలవంతం వల్ల వస్త్రం కోల్పోయిన స్త్రీ.
అశ్లీలం: సమాజ ప్రమాణాలను బట్టి, సందర్భాన్ని బట్టి నిర్ణయమయ్యే అసభ్యత.
హిక్లిన్ పరీక్ష: అశ్లీలాన్ని నిర్ణయించడానికి 1868లో ఇంగ్లండులో రూపొందిన న్యాయప్రమాణం.

11.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. నగరంలోని ఎత్తైన స్థలాలు నగ్నదేహానికి ఇచ్చే అర్థాన్ని తగిన ఉదాహరణలతో చర్చించండి.
2. మహాశ్వేతాదేవి ద్రౌపది కథనుంచి కాంగ్లా నిరసన వరకు కళ, నిరసనల మధ్య సంబంధాన్ని విశ్లేషించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఈవెంట్ హొరైజన్ విగ్రహాలను చూసి ప్రజలు ఎందుకు కలవరపడ్డారు?
2. అవీక్ సర్కార్ కేసు తీర్పు ప్రాముఖ్యాన్ని వివరించండి.
3. నగ్న నిరసన మీద వచ్చిన విమర్శల్లో మీకు బలంగా తోచినదాన్ని కారణాలతో రాయండి.